వారాలు తెలిసిన పట్టీలు

ఏప్రిల్ 11, మంగళవారం

మా అక్క ఖ్రీట పొద్దున ఈ నోట్‌బుక్ తెచ్చి నా కాఫీ కప్పు పక్కన పెట్టింది. యెరూన్ గురించి పొద్దున్నే వినే ఓపిక తనకిక లేదని, చెప్పాలనిపించినదంతా ఇందులో రాసుకుంటే తను రొట్టె మీద చాక్లెట్ రవ్వలు చల్లుకుని ప్రశాంతంగా తింటానని చెప్పింది. విడాకులయ్యాక ఆమె ఇంటి అటక గదిలో తలదాచుకుంటున్నదాన్ని. ఎదురు చెప్పే స్థితిలో లేను.

యెరూన్ గురించి రాయడానికి ఏమీ లేదు. పద్నాలుగేళ్ళు. పోతూ పోతూ కాఫీ మెషీన్ కూడా పట్టుకుపోయాడు. అంతే.

కాబట్టి పని గురించి రాస్తాను. ఇవాళ డె లీర్‌లో లేన్ అనే జెర్బెరా పూల రైతు గ్రీన్‌హౌస్‌లో, మా ల్యాబ్‌లో చేసిన సన్నటి ఫిల్మ్ పట్టీలు అమర్చాం. ఏడో వరస పూల మీద, మనిషెత్తున్నర ఎత్తులో సన్నటి తీగల వల కట్టి, దాని మీద నూట ఎనభై పట్టీలు. ప్రొఫెసర్ ఎవర్ట్ నిచ్చెన పట్టుకున్నాడు. అంటే నిచ్చెన పక్కన నిలబడి ఫోన్లో మాట్లాడాడు. పట్టీలు బిగించింది నేను. పంతొమ్మిదేళ్ళుగా ఆ ల్యాబ్‌లో ఏ ఫిల్మ్ పోసినా, కోసినా, బిగించినా అది నేనే.

ప్రతి మంగళవారం, శుక్రవారం ఎనిమిదింటికి వెళ్ళి కొలవాలి. డెల్ఫ్ట్ నుంచి సైకిల్ మీద ముప్పావు గంట. ఎదురుగాలి ఉంటే గంట. ఎదురుగాలి ఎప్పుడూ ఉంటుంది.

ఏప్రిల్ 14, శుక్రవారం

పట్టీలు బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి. లేన్ వాళ్ళమ్మ కోర్రీకి ఇవాళ సంగతంతా వివరించాల్సి వచ్చింది. ఎనభై ఒక్కేళ్ళ మనిషి. ప్యాకింగ్ బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్క పువ్వు కాడనీ అట్టముక్కలోని కంతలోంచి దూరుస్తూ, తల ఎత్తకుండా ప్రశ్నలు వేస్తుంది.

అది ప్లాస్టికేనా అంది. పాలిమర్ అన్నాను. అంటే ప్లాస్టికే కదా అంది. సరేనన్నాను.

సముద్రం ఒడ్డున ఇసుక దిబ్బల మీద పెరిగే గడ్డి చూశారు కదా, ఎండకి గొట్టంలా చుట్టుకుపోతుంది, తేమ తగిలితే మళ్ళీ విచ్చుకుంటుంది, మా ప్రొఫెసర్ ఆ గడ్డిని చూసే ఇది ఆలోచించాడని చెప్పాను. మా పట్టీ చేసేది దానికి తిరగేసిన పని. ఎండ గట్టిగా ఉన్నంతసేపూ చాపలా పరుచుకుని పూలకి నీడ ఇస్తుంది. వెలుతురు తగ్గితే చుట్టుకుపోయి దారి ఇస్తుంది. మోటారు లేదు, కరెంటు లేదు, మీట నొక్కే మనిషి అక్కర్లేదు.

"మా ఆయనా అంతేనమ్మాయ్," అంది కోర్రీ. "ఎండొస్తే ఒళ్ళు పరుచుకుని పడుకునేవాడు. వానొస్తే ముడుచుకునేవాడు. ఆయనకీ మోటారు లేదు."

లేన్ నవ్వలేదు. యాభై ఉంటాయేమో. నిచ్చెన అవసరం లేనంత పొడుగు. మాటలు రేషన్లో ఇస్తున్నట్టు మాట్లాడతాడు. ఇవి ఎన్నాళ్ళు పనిచేస్తాయండీ అని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. ల్యాబ్‌లో దీపం కింద వెయ్యిసార్లు విప్పాం, చుట్టాం, ఏమీ కాలేదని చెప్పాను.

అది అబద్ధం కాదు. ల్యాబ్‌లో గాలి పొడిగా ఉంటుందన్న సంగతి ఆయన అడగలేదు.

ఏప్రిల్ 18, మంగళవారం

అన్నీ బాగున్నాయి. కాఫీ ఇచ్చారు. కాఫీతో ఒక బిస్కెట్. తీసుకోగానే కోర్రీ డబ్బా మూత పెట్టేసింది. మా వైపు కాఫీకి ఒక్క బిస్కెట్టే పద్ధతి. మర్యాద తెలిసిన ఇల్లు.

ఏప్రిల్ 25, మంగళవారం

పట్టీలు బద్ధకిస్తున్నాయి. ఎండకి పరుచుకోవడం బాగానే పరుచుకుంటున్నాయి, చుట్టుకోవడం దగ్గరే మొరాయింపు. పొద్దున ఎనిమిదింటికి మబ్బు పట్టి ఉన్నా సగం పట్టీలు ఒళ్ళు విరుచుకుని అలాగే పడి ఉన్నాయి. కింద పూలకి రావలసిన వెలుతురు మధ్యలోనే ఆగిపోతోంది. గ్రీన్‌హౌస్‌లోని వేడీ తేమా కలిసి ఫిల్మ్‌ని సాగదీస్తున్నట్టున్నాయి.

ఖ్రీట అడగకపోయినా చెప్పాను. "నీ ప్లాస్టిక్ నీలాగే ఉందే. పొద్దున్నే లేవదు" అంది.

ఏప్రిల్ 28, శుక్రవారం

ఇంకా పాడైంది. ఎవర్ట్ అంకెలు చూసి, ఇంకో వారం చూద్దాం, అప్పటికీ బాగుపడకపోతే తీసేసి వేరే పని చూసుకుందామన్నాడు. ఈ మాట లేన్‌కి చెప్పాను. చెప్పడం నా బాధ్యత. వచ్చే శుక్రవారం తరవాత బహుశా నేను రానక్కర్లేదని చెప్పాను.

"ఊఁ" అన్నాడు.

తిరిగి వస్తుంటే ఎదురుగాలి లేదు. అయినా గంటకి పైనే పట్టింది. నా బాధంతా లెక్కలు సగంలో ఆగిపోతాయన్నదే. ఆరు వారాల లెక్కలనుకుంటే మూడు వారాలకే ఆగిపోతే ఎవరికైనా బాధే.

మే 2, మంగళవారం

పట్టీలు కోలుకున్నాయి.

ఒకటి కాదు, రెండు కాదు, నూట ఎనభైలో నూట డెబ్బై ఒకటి. కొత్తవాటిలా బిగుతుగా, ముద్దుగా చుట్టుకుని ఉన్నాయి. తొమ్మిదింటికి ఎండ రాగానే సక్రమంగా విచ్చుకున్నాయి. నేను నిచ్చెన మీద నిలబడి నవ్వుతుంటే లేన్ కింద పూలు కోస్తూ, బాగున్నాయాండీ అని అడిగాడు. చాలా బాగున్నాయన్నాను. తల ఊపాడు. కళ్ళకింద నలుపుంది. రైతులు పాపం తెల్లారకుండా లేస్తారు.

మే 5, శుక్రవారం

మళ్ళీ అంతే. నూట డెబ్బై ఆరు.

మే 8, సోమవారం

వల కింద పెట్టిన కాంతి మీటరు పది నిమిషాలకొకసారి అంకె రాసుకుంటుంది. ఇవాళ ఆ అంకెలన్నీ గీత గీసి చూశాను. మంగళవారం పొద్దున పట్టీలు చుట్టుకునే ఉన్నాయి. శుక్రవారం పొద్దున చుట్టుకునే ఉన్నాయి. బుధ, గురు, శని, ఆదివారాల్లో మాత్రం ఎప్పటిలాగే వెల్లకిలా పడి ఉన్నాయి.

ఎవర్ట్‌కి చూపించాను. కుర్చీలోంచి లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. పదార్థానికి అలసట ఉందంటే, విశ్రాంతి కూడా ఉండి తీరాలన్నాడు. మూడు నాలుగు రోజులు అలసి, ఒక రాత్రిలో తేరుకుంటోందన్నమాట. ప్రాణమున్నవాటికుండే లయ ఇది, మనం గడ్డి ఆకారం ఒక్కటే అనుకరించామనుకున్నాం, దాని స్వభావం కూడా వచ్చేసిందని బోర్డు నిండా రాశాడు. ఇది ముందు కనిపెట్టింది నువ్వే కాబట్టి వ్యాసంలో నీ పేరు రెండోది అన్నాడు.

పంతొమ్మిదేళ్ళలో నా పేరు చివర్న చిన్న అక్షరాల్లో 'కృతజ్ఞతలు' దగ్గర తప్ప ఎక్కడా రాలేదు. అది కూడా రెండుసార్లు స్పెల్లింగ్ తప్పు.

యోసీన్. రెండో పేరు. నేనే ఒకసారి రాసి చూసుకున్నాను.

మే 9, మంగళవారం

నూట డెబ్బై తొమ్మిది.

కోర్రీ జుట్టు ఈమధ్య చప్పగా అణిగి ఉంటోంది. మొదట్లో మబ్బులా ఉంగరాలు తిరిగి ఉండేది. వయసైపోతోంది పాపం.

మే 12, శుక్రవారం

ఇరవై మూడో పట్టీలో ఒక గులాబీరంగు ప్లాస్టిక్ గొట్టం దొరికింది. బొటనవేలంత లావు, చుట్టూ చిన్న చిన్న ముళ్ళు. ఆడవాళ్ళు జుట్టు ఉంగరాలు తిప్పుకునే రోలర్. పట్టీ దాని చుట్టూ చక్కగా చుట్టుకుని ఉంది.

కిందికి తెచ్చి లేన్‌కి చూపించాను. చెవుల దాకా ఎర్రబడ్డాడు. అమ్మది అన్నాడు. అంత ఎత్తుకి ఎలా వెళ్ళిందన్నాను. చాలాసేపు ఆలోచించి, గాలికేమో అన్నాడు.

గాలికే అయి ఉంటుంది. పైన కిటికీలు తెరిచే ఉంటాయి.

కోర్రీ డబ్బా తెరిచి రెండో బిస్కెట్ ఇచ్చింది. ఈ ఊళ్ళో రెండో బిస్కెట్ అంటే ఏమిటో ఖ్రీటని అడగాలి. వద్దు, అడగను.

మే 13, శనివారం

అడిగాను. పెళ్ళిచూపులంది. దానికి బుద్ధి లేదు.

మే 19, శుక్రవారం

పండగ సెలవని ల్యాబ్ మూసేశారు. నేను వెళ్ళాను. లెక్కల్లో ఒక్క రోజు తప్పిపోయినా గీత తెగిపోతుంది. పని అయ్యాక లేన్ పూలు కోయడం చూపించాడు. జెర్బెరాని కత్తిరించకూడదట. కాడని మొదట్లో పట్టుకుని పక్కకి వంచి లాగాలి. లాగగానే చిటికె వేసినంత చప్పుడు. నేను లాగితే సగంలో విరిగింది. అలవాటవుతుందిలే అన్నాడు. ఇంతకీ 'అండీ' ఎప్పుడు పోయిందో నాకు గుర్తు లేదు.

పెళ్ళెందుకు చేసుకోలేదని నేను అడగలేదు. కోర్రీయే చెప్పింది, పూలు తీరిక ఇవ్వలేదట. ఇదంతా పనికి సంబంధించింది కాదు. ఊరికే రాస్తున్నాను.

మే 22, సోమవారం

రేపు పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. లేన్‌కి ఫోన్ చేసి, మంగళవారం కుదరదు, బుధవారం వస్తానని చెప్పాను. బుధవారమా అన్నాడు. అవును బుధవారమన్నాను. కచ్చితంగా బుధవారమేనా అన్నాడు. ఎంత పద్ధతైన మనిషో.

మే 24, బుధవారం

నూట ఎనభైకి నూట ఎనభై. బుధవారం.

కాంతి మీటరు చూశాను. నిన్న, మంగళవారం, పట్టీలు వెల్లకిలా పడి ఉన్నాయి. ఇవాళ చుట్టుకున్నాయి.

ఎవర్ట్‌కి చెప్తే మరీ సంబరపడ్డాడు. లయ మూడు, నాలుగు రోజులని కొయ్యబారి లేదు, ఐదు రోజులకీ సాగుతోంది, ప్రాణమున్నవాటికే అంత పట్టువిడుపులుంటాయన్నాడు. నేను ఇవాళ మబ్బు ఎక్కువగా ఉందన్నాను. అదీ కారణం కావచ్చన్నాడు.

రాత్రి భోజనం దగ్గర ఖ్రీట తెల్ల ఆస్పరాగస్ మీద వెన్న పోస్తూ మొత్తం వింది.

"అంటే నువ్వు వెళ్ళే రోజున లేస్తాయి. నువ్వు వెళ్ళని రోజున పడుకుంటాయి. నువ్వు రోజు మార్చుకుంటే అవీ మార్చుకుంటాయి."

"మబ్బు వల్ల."

"ఏమే, నీ ప్లాస్టిక్‌కి నీ ఫోన్ నంబరెవరిచ్చారే?"

నేను బంగాళాదుంపలు ఇటు అందించమన్నాను.

మబ్బు వల్లే.

మే 27, శనివారం

ఇవాళ కోర్రీ పుట్టినరోజు. నన్ను కూడా పిలిచారు. అది మర్యాదకి పిలిచారు, నేను మర్యాదకి వెళ్ళాను, నీలం గౌను కూడా మర్యాదకే వేసుకున్నాను.

హాల్లో కుర్చీలు గుండ్రంగా వేశారు. అందరిలాగే నేనూ వరసగా చుట్టూ తిరిగి ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని, కోర్రీ పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పి కూర్చున్నాను. కోర్రీ పాటల బృందంలోని ఏడుగురు ముసలమ్మలున్నారు. తలా ఒక కేకు ముక్క. వాళ్ళని చూస్తుంటే ఏదో తేడాగా అనిపించింది. కాసేపటికి అర్థమైంది. ఎనిమిది తలలూ వానలో తడిసినట్టు చప్పగా ఉన్నాయి.

నా పక్కన కూర్చున్న ఆవిడ పేరు మాఖ్దా. కేకు తినడం అయ్యాక ఫోర్కు పక్కన పెట్టి, గుండ్రం మొత్తానికి వినపడేలా అడిగింది.

"కోర్రీ, మా రోలర్లు తిరిగి ఎప్పుడిస్తావమ్మా? చర్చిలో పాడే కార్యక్రమం దగ్గరికొస్తోంది. ఈ జుట్టేసుకుని దేవుడి ముందు ఎలా నిలబడేది?"

"నన్నడుగుతావేం? వాణ్ణడుగు. నెలాఖరు దాకా కావాలన్నాడు."

"లేన్‌కి రోలర్లెందుకు?"

"నూట ఎనభై తలలు దువ్వుతున్నాడమ్మా, ఏడో వరసలో. వారానికి రెండు సాయంత్రాలు. నిచ్చెనెక్కి ఒక్కొక్కదానికీ రోలర్ పెట్టి, తెల్లారకుండా మళ్ళీ ఎక్కి తీసేస్తాడు. పిల్ల ఎనిమిదింటికొస్తుంది కదా, అంతలోపల."

గుండ్రం మొత్తం నా వైపు తిరిగింది. నేను లేన్ వైపు తిరిగాను. లేన్ బాయిలర్ చూసి వస్తానని లేచి వెళ్ళిపోయాడు. మే నెలలో బాయిలర్.

"మొదట్లో చేత్తో చుట్టి చూశాడు," అని కోర్రీ నాకు మాత్రమే చెబుతున్నట్టు అందరికీ చెప్పింది. "నిలవలేదు. అప్పుడు నేనే అన్నాను, ఒరేయ్, జుట్టయినా ప్లాస్టిక్కయినా రాత్రంతా ఉంచితేనే నిలుస్తుందని."

ఇంకో కేకు ముక్క తీసుకోమని ఎవరూ అనలేదు, అనాల్సిన పద్ధతి కూడా లేదు. నేను శుభాకాంక్షలు చెప్పి వచ్చేశాను. రెండోసారి చెప్పానని సైకిలెక్కాక గుర్తొచ్చింది.

మే 28, ఆదివారం

ఏమీ రాయను.

మే 29, సోమవారం

వ్యాసం పూర్తయింది. వచ్చే సోమవారం పంపిస్తామని ఎవర్ట్ మెయిల్ పెట్టాడు. మొదటి పేజీ జత చేశాడు. నా పేరు రెండోది. స్పెల్లింగ్ సరిగ్గానే ఉంది.

ఆలోచిస్తే, అసలు తప్పేముంది? పట్టీలు చుట్టుకున్నమాట నిజం. మీటరు చూపించిన అంకెలు నిజం. ఎవరు చుట్టారన్నది వ్యాసంలో ఎక్కడా లేదు. ముసలమ్మల జుట్టు గురించి మాట్లాడుకున్నదాన్ని నేను సాక్ష్యంగా తీసుకోవాలా? కోర్రీకి ఎనభై ఒకటి నిండి ఎనభై రెండొచ్చాయి. పొరబడి ఉండొచ్చు. మాఖ్దా కూడా పొరబడి ఉండొచ్చు. మిగతా ఆరుగురు కూడా.

ఈ పేజీ ఖ్రీట చూస్తే బాగుండదు.

మే 30, మంగళవారం

వెళ్ళాను. నిచ్చెనెక్కలేదు. పట్టీలు చుట్టుకునే ఉన్నాయి, కింద నుంచే కనిపిస్తోంది. నిన్న సాయంత్రం కూడా పెట్టాడన్నమాట. అంతా బయటపడ్డాక కూడా.

ఏడో వరసలో మొదటిసారి పట్టీలని కాకుండా పూలని చూశాను. కాడలు సన్నగా, మెత్తగా ఉన్నాయి. తలలు బరువు మొయ్యలేక వాలిపోతున్నాయి. వారంలో ఐదు రోజులు మా పట్టీలు వెలుతురు మింగేస్తుంటే మరేమవుతుంది? చెత్తబండి నిండా ఏడో వరస పూలే ఉన్నాయి. ఐదు వారాలుగా ఇంతేనట. వేలానికి పంపితే వెనక్కొచ్చాయట. నాకు ఒక్క మాట చెప్పలేదు. ప్రతిసారీ బాగున్నాయా అని అడిగి తల ఊపాడు.

ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తే తీసేస్తారుగా," అన్నాడు.

"పట్టీలనా?"

"పట్టీలని తీసేస్తే నాకేం? పీడా పోతుంది." చేతిలో ఉన్న పువ్వుని అటూ ఇటూ తిప్పాడు. "నువ్వు రానక్కర్లేదన్నావు కదా, శుక్రవారం తరవాత. దానికి."

ఇంతకంటే పొడుగాటి మాట ఆయన నోట నేను వినలేదు. దానికి నేనేం జవాబు చెప్పానో రాసుకోవాలని కూర్చున్నాను గానీ, చెప్పింది ఇది: నీవల్ల నా లెక్కలన్నీ పాడైపోయాయి. నిజంగానే అలా అన్నాను. అని, సైకిలెక్కి వచ్చేశాను.

నలభై ఆరేళ్ళదాన్ని.

మే 31, బుధవారం

ఎవర్ట్‌కి చెప్పలేదు. ఆయన రోజంతా మీటింగుల్లో ఉన్నాడు. మధ్యాహ్నం నా పక్కన కూర్చుని సూప్ తాగిన అరగంట తప్ప.

జూన్ 1, గురువారం

ఖ్రీటకి చెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. స్పూను కింద పెట్టి, యెరూన్ పద్నాలుగేళ్ళలో నీకోసం ఒక్కసారి నిచ్చెనెక్కాడా అని అడిగింది. ఒకసారి బల్బు మార్చడానికి ఎక్కాడన్నాను. అది నీకోసం కాదు, చీకట్లో ఫుట్‌బాల్ చూడలేకపోయాడంది.

ఇదీ మా అక్క న్యాయం. వ్యాసం సంగతి ఎవరూ మాట్లాడరేం అన్నాను.

"దాని సంగతి నీకు ముందే తెలుసులే," అంది. "తెలియకపోతే ఈ పాటికి నిద్రపోయుండేదానివి."

జూన్ 2, శుక్రవారం

గ్రీన్‌హౌస్‌కి వెళ్ళలేదు. ఎవర్ట్ గదికి వెళ్ళాను. తలుపు వేసి, కూర్చోకుండా చెప్పేశాను. రోలర్లు, నిచ్చెన, సాయంత్రాలు, ముసలమ్మలు, ఫోన్, బుధవారం. లేన్ ఎందుకు చేశాడో మాత్రం చెప్పలేదు. అది ల్యాబ్ విషయం కాదు.

ఎవర్ట్ బోర్డు వైపు చూశాడు. 'ప్రాణమున్నవాటి లయ' అన్న మాట ఇంకా చెరపలేదు. ఇది నీకు ఎప్పటి నుంచి తెలుసని అడిగాడు. శనివారం నుంచన్నాను. తరవాత, ముఖం మీద రాసే ఉంది కనుక, గులాబీరంగు రోలర్ దొరికిన రోజు నుంచన్నాను. ఆ మాట పైకి అనేదాకా నాక్కూడా తెలియదు.

వ్యాసం పంపనన్నాడు. కేకలు వెయ్యలేదు. కోప్పడి ఉంటే సుఖంగా ఉండేది. తలుపు తెరిచి పట్టుకుని నిలబడ్డాడు, నేను వెళ్ళడానికి.

నా బల్ల దగ్గరికొచ్చి, ప్రింటు తీసి పెట్టుకున్న ఆ మొదటి పేజీ చింపేశాను. చింపే ముందు ఒకసారి చూసుకున్నాను. అది తప్పు కాదు.

జూన్ 5, సోమవారం

ఎవర్ట్ గుడ్ మార్నింగ్ చెప్పలేదు.

జూన్ 6, మంగళవారం

వెళ్ళలేదు. తలనొప్పి. తలనొప్పి లేదు.

జూన్ 7, బుధవారం

నాలుగింటికి ఎవర్ట్ వచ్చి నా బల్ల అంచున కూర్చున్నాడు. ఎటో చూస్తూ అడిగాడు.

"ఎంతసేపు ఉంచేవాడు?"

"రాత్రంతా."

"చేత్తో చుడితే నిలవలేదన్నావు."

"నిలవలేదట. రాత్రంతా ఉంచితేనే."

ఇంకేమీ అనకుండా కోటు వేసుకుని బయటికి వెళ్ళాడు. ఇరవై నిమిషాల తరవాత, మందులూ అలంకరణ సామాన్లూ అమ్మే షాపు సంచీతో వచ్చాడు. అందులో ఆరు పాకెట్ల రోలర్లు. కౌంటర్లో అమ్మాయి ఆయన బట్టతల వంక ఎలా చూసిందో మాత్రం తన నోటితో తనే చెప్పాడు. మొహంలో నవ్వులాంటిదేదో ఉంది.

జూన్ 14, బుధవారం

వారం నుంచి ల్యాబ్‌లో తడి గుడ్డలు, వెచ్చటి పెట్టె, రోలర్లు. అలసిపోయిన పట్టీని వేడిలో, తేమలో ఒక రాత్రి చుట్టి ఉంచితే దానికి తన ఆకారం మళ్ళీ గుర్తొస్తోంది. ఒక రోజు నిలుస్తుంది, గట్టిగా అయితే రెండు రోజులు. పొడిగా చుడితే పూట కూడా నిలవదు. కోర్రీ చెప్పింది అక్షరాలా నిజం. జుట్టుకీ దీనికీ తేడా లేదు.

ఇది అద్భుతమేమీ కాదు. రోజు విడిచి రోజు నూట ఎనభై రోలర్లు పెట్టుకుని ఏ రైతూ నీడ కొనుక్కోడు. గ్రీన్‌హౌస్ పని ఇక్కడితో అయిపోయినట్టే. కానీ సరిచేసే దారి ఒకటి ఉందని తెలిసింది, వచ్చే ఏడాది ఫిల్మ్ తయారీలోనే ఈ చుట్ట పెట్టేయొచ్చేమో చూడాలి. ఎవర్ట్ నాలుగు పేజీల చిన్న నివేదిక రాస్తున్నాడు. జరిగింది జరిగినట్టు. నా పేరు రెండోదా అని నేనడగలేదు. రెండోదేనని ఆయనే చెప్పాడు. రోలర్ల గురించి రాసే వాక్యంలో ముసలావిడ పేరు పెట్టొచ్చా అని అడిగాడు. అడిగి చెప్తానన్నాను.

జూన్ 16, శుక్రవారం

పట్టీలు విప్పేశాం. ఎవర్ట్ నిజంగానే నిచ్చెన పట్టుకున్నాడు. వల తీసేశాక ఏడో వరస మీద వెలుతురు ఒక్కసారిగా పడింది. లేన్ అటువైపు చివర పనిలో ఉన్నాడు. ఎవర్ట్ వెళ్ళి ఆయనకి చెయ్యిచ్చాడు. ఇద్దరూ రోలర్ల సైజుల గురించి మాట్లాడుకోవడం నాకు వినిపించింది. లావువి మంచివా సన్నవి మంచివా అని. నా గురించి ఏమీ మాట్లాడుకోలేదు.

నేను కోర్రీకి పేరు సంగతి చెప్పాను. పెట్టుకోమంది, కానీ మాఖ్దా పేరు కూడా పెట్టకపోతే పాటల బృందంలో బతకనివ్వరంది.

వచ్చేటప్పుడు లేన్ తలుపు దాకా వచ్చాడు. ఏదో అంటాడనుకున్నాను. నేనూ ఏదో అంటానని ఆయన అనుకున్నాడేమో. ఎవర్ట్ కారు హారన్ కొట్టాడు.

జూన్ 19, సోమవారం

రేపు మంగళవారం. నాకు డె లీర్‌లో ఏ పనీ లేదు. కొలవడానికి ఏమీ లేదు. మీటరు కూడా తెచ్చేసుకున్నాం. అలమారాలో ఉంది, ఇందాకే చూశాను. ఏదైనా మరిచిపోయామేమోనని సామాన్ల జాబితా రెండుసార్లు సరిచూశాను. ఏదీ మరిచిపోలేదు. స్క్రూలతో సహా.

జూన్ 20, మంగళవారం

పొద్దున ఏడింటికి బయల్దేరాను. ఖ్రీట కిటికీలోంచి చూసింది, ఏమీ అనలేదు. అంత పెద్ద త్యాగం అది ఎప్పుడూ చెయ్యలేదు.

ఎదురుగాలి. దారిలో కారణాలు తయారుచేసుకున్నాను. మాఖ్దా ఇంటిపేరు స్పెల్లింగ్ కనుక్కోవాలి. నివేదిక కోసం గ్రీన్‌హౌస్ పొడవు మరోసారి సరిచూడాలి. ఇంకా నాలుగున్నాయి, అన్నీ బాగానే ఉన్నాయి.

కోర్రీ ప్యాకింగ్ బల్ల దగ్గర తల ఎత్తలేదు, ఏడో వరస వైపు గడ్డంతో చూపించింది. లేన్ పూలు కోస్తున్నాడు. కొత్తగా వచ్చిన కాడలు నిలువుగా, గట్టిగా ఉన్నాయి. నన్ను చూసి నడుం నిటారుగా పెట్టాడు.

"ఇవాళ కొలవడానికేం లేదు కదా," అన్నాడు.

"లేదు."

"మరి?"

మాఖ్దా ఇంటిపేరు నాలుక చివర దాకా వచ్చింది. మింగేశాను.

"నిన్ను చూడ్డానికొచ్చాను. నీవల్ల నా లెక్కలు పాడైపోయాయన్నాను కదా. అది కాదు నేను చెప్పాల్సింది."

ఆయన చేతిలోని పూలని కింద పెట్టాడు. ఐదు వారాలు తెల్లారకుండా నిచ్చెనెక్కిన మనిషి, ఒక మాట వెతుక్కోవడానికి ఎంతసేపైనా తీసుకోవచ్చు.

"శుక్రవారం కూడా వస్తావా?" అన్నాడు చివరికి.

"వస్తాను."

"గురువారాలు నాకు పని తక్కువ," అన్నాడు. పువ్వుల వైపు చూస్తూ అన్నాడు. "ఆదివారం అసలే ఉండదు."

అలా ఒక్కొక్క రోజూ చెప్పుకుంటూ వారం మొత్తం పూర్తి చేశాం.